అడక్కుండా

ఓల్ద్రిఖ్ పోయి నెల తిరగలేదు,
గాజింటి తాళంచెవి నా చేతిలో పెట్టింది యర్మిల.
"కావలసినవి ఏరుకో. పెట్టె నూట యాభై కొరూనాలు.
మిగిలినవి చెత్తబండికి."
నలభై ఏళ్ళ కాపురంలో వాటిని ఒక్కసారీ ముట్టుకోలేదట.
తన వంతుగా అతని వేళ్ళలోంచి ముళ్ళు తీసేదట,
కళ్ళద్దాలు పెట్టుకుని, ఆదివారాలు.

బయట ఒలొమోత్స్ మీద మార్చి వాన, సగం మంచు.
లోపల ఎండిన మట్టి వాసన,
అయిదు నెలలుగా చుక్క నీరు ఎరగని వాసన.
అన్నీ ముడుచుకుని కూచున్నాయి
చలికాలమంతా నోరు కట్టుకున్న ముసలాళ్ళలా.
మూడు పెట్టెలు నింపాను.
నాలుగోదానికి చోటు లేదని నాకు తెలుసు,
నా బాల్కనీకి ఇంకా బాగా తెలుసు.
నాలుగోదీ నింపాను.

మూడు పెట్టెలు యర్మిల మనవడు కారులో దింపుతానన్నాడు.
నాలుగోదాన్ని నమ్మి ఇవ్వలేక ట్రామెక్కాను.
ఇరవై ఎనిమిదేళ్ళు ఆ బండి నడిపినదాన్ని,
ఏ మలుపులో ఎంత ఒరుగుతుందో ఒంటికే తెలుసు.
ఒళ్ళో పెట్టెతో, మలుపుకి ముందే అటు వాలాను.
పక్క సీటు కుర్రాడు అడిగాడు: "పిల్లికూనలా?"
"అంతకంటే మొండివి."

వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచాను.
గరుకు ఇసుక, ఇటుక నలుసులు, నలగ్గొట్టిన లావారాయి,
ఆకుమట్టి గుప్పెడంటే గుప్పెడే.
వీటికి తిండి ఎక్కువైతేనే ప్రాణం మీదికొస్తుంది.
పేపరు నాలుగు మడతలు పెట్టి
నడుం చుట్టూ పట్టీలా బిగించి
పాత కుండీల్లోంచి ఒక్కొక్కదాన్నీ లాగాను.
వేళ్ళ సందుల్లో పిండినల్లి, దూదిపింజల్లా.
పళ్ళు తోముకునే బ్రష్షుతో దులిపాను, స్పిరిట్ పట్టించాను,
ఓల్ద్రిఖ్‌ని నాలుగు తిట్టాను,
చివరి రెండేళ్ళూ అతనికి చూపు ఆనలేదని తెలిసి కూడా.

ప్రతి కుండీలో ఒక రేకుముక్క, పెన్సిలు రాత,
చీమ తలకాయంత అక్షరాలు:
"బ్ర్నో సంతలో. దోపిడీ ధర."
"గింజ నుంచి. పద్నాలుగింటిలో ఇదొక్కటే."
"మామగారు కూచున్నారు దీని మీద. బతికింది."
ఆ మనిషి నోట
ఇన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ వినలేదు నేను.

ఆ తర్వాత చేతికొచ్చింది రెబూషియా.
దోసిలి నిండా గుంపు, ముప్ఫై తలలపైనే.
రేకు మీద: ఎనభై ఏడు, మే.
"ద్రహొమీర నుంచి. అడక్కుండా."

ద్రహొమీర నేనే.

ఆ మే నాకు గుర్తుంది.
ప్రదర్శన హాల్లో, నా తల్లిమొక్క పక్కన
బఠాణీ గింజంత గుంట.
సరిహద్దు దాటి ఒక గింజ రావడమే గగనమైన రోజులు.
పోయిన ఆ పిలక కోసం అందర్నీ అనుమానించాను,
చివరికి హ్లోజెక్ దగ్గర ఆగాను,
అతని చేతులకి మట్టి ఉంది కనక.
అందరికీ ఉంది మట్టి.
పదిమందిలో అన్నాను ఆ మాట.
అప్పట్నుంచీ మా మధ్య పలుకు లేదు.
ఓల్ద్రిఖ్ ఆ సాయంత్రం నాకు టీ తెచ్చిచ్చి
"ఎలాంటి మనుషులున్నారో చూడు" అన్నాడు.

తల్లిమొక్క తొంభై ఏడు వరదలో పోయింది,
నది ఒడ్డున నా తోటతో, కంచెతో,
దాని పిలకలన్నిటితో.

బల్ల దగ్గర ఎంతసేపు కూచున్నానో.
నవ్వొచ్చింది. మళ్ళీ కోపం, మళ్ళీ నవ్వు.
ఇంట్లో ఉన్న వెడల్పాటి కుండీ తీసి
దాన్ని అందులో దించాను,
ఇసుక సర్దుకునేలా అంచు మీద వేలితో తట్టాను.
రేకు తియ్యలేదు. కింద ఖాళీలో రాశాను:
"యర్మిల నుంచి. నాలుగో పెట్టె. డబ్బిచ్చి."

తర్వాత పట్టకారు తీసుకుని
ఓ పక్కనున్న చిన్న తలని మెలితిప్పాను.
తేలిగ్గానే ఊడింది. దొంగకీ ఇలాగే ఊడి ఉంటుంది.
సాసర్లో పెట్టి కిటికీలో ఉంచాను, పచ్చిగాయం పైకి.
హ్లోజెక్ ప్రెరోవ్‌లో ఉంటున్నాడని విన్నాను,
ఫోను ఎత్తుతాడో లేదో.

గాయం ఆరడానికి రెండు వారాలు కావాలి.
అంతవరకూ మట్టి తగలకూడదు.
ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి
నాకూ ఆ మాత్రం పడుతుంది.