కసువు లెక్క

పలమనేరు దాటి, బైరెడ్డిపల్లె రోడ్డులో
ఎడమకు తిరిగితే నాలుగెకరాల బీడు.
వేరుశెనగ మూడేండ్లు వరసగా మోసం చేసినాక
కసువుకే వదిలేసినాను.

తొమ్మిది పోతుదూడలు.
పాలిచ్చే జాతి కాదని
పుట్టిన మూడోనాడే పొదుగు కాడ నుంచి లాగేసినవి.
ఒక్కోదాన్నీ మస్తాన్ సాహెబు ఆటోలో తెచ్చి దించినాడు,
గోనెసంచిలో ఎముకలు పోసి కట్టినట్టు.
"మేపు సిద్దమ్మక్కా,
రెండేండ్లకు సంతలో చూద్దాం."

బీడును ఎనిమిది కయ్యలు చేసినాను.
కంచెకు దుడ్లు యాడివి? చీరలు కట్టినాను,
అడవిపందులకని శెనక్కాయ చేనికి కట్టమా, అట్లే.
అమ్మ చుంగడి చీర ఒక కయ్య.
నా పెండ్లినాటి నైలెక్సు ఒక కయ్య.
ఆడబిడ్డ కాన్పుకొచ్చి మరిచిపోయిన గళ్ళ వాయిలు ఇంకొకటి.
"ఈ పొద్దు యాడ మేస్తా ఉండాయి?" అంటే
"నైలెక్సులో" అంటాను.
దోవన పొయ్యేవాళ్ళు నవ్వుతారు.
దూడలు నవ్వవు, వాటికి దోవ తెలుసు.

చీర ఎనుపోతును ఆపుతుందా?
ఆపదు.
ఆపేది నిండిన కడుపు.

నాలుగు దినాలు ఒక కయ్య మేత,
ఇరవై ఎనిమిది దినాలు దానికి విడుపు.
నెల లెక్క ఆడదానికి ఒకరు నేర్పాలా?
పిడికిలి ఎత్తు కసువు మిగిలి ఉండంగానే
తోలేయాల పక్క కయ్యకు.
ఆ పిడికిలి చూసే మా బావ దొరస్వామికి మంట:
"అంత పచ్చన పెట్టుకొని
నోరులేని జీవాల్ని కట్టడి చేస్తావే!"

బావా, కసువుకూ నోరు లేదు.
ఎవరూ చెప్పలేదు నాకు, తవ్వి చూసినాను.
మిగిల్చిన చోట వేరు జానెడు.
మొదలంటా కొరికించిన చోట
బొటనవేలంత, అదీ నల్లబడి.

వయ్యారిభామ పూత పట్టకముందే పీకాల,
చేతికి గుడ్డ చుట్టుకొని.
చుట్టుకోని దినం రాత్రంతా గోకుడే.

పోయినేడు ఆరుద్ర కార్తె
మబ్బు చూపించి మబ్బు మడిచి పెట్టుకుంది.
గళ్ళ వాయిలు కయ్యకు ఇంకా పది దినాల విడుపు ఉంది.
రాత్రిపూట దూడలు అరవలేదు.
అరిచింటే తిట్టి పడుకునేదాన్ని.
ఊరికే నిలబడి కొట్టం గడప వైపు చూస్తా ఉండాయి.

ముడి విప్పినాను.
దాచేదేముంది, నేనే విప్పినాను.
రెండు దినాల్లో నేల కనిపించింది.
స్వాతి వానల దాకా ఆ కయ్యకు బట్టతలే.

మస్తాన్ వచ్చి చూసి, బీడీ ఆర్పి,
చానాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అన్నాడు:
"కసువు తగ్గితే కోయాల్సింది విడుపు కాదక్కా.
నోళ్ళు."

రెంటిని తోలుకొని పోయినాము,
నొసట తెల్లమచ్చది, వంకర కొమ్ముది.
పేర్లు పెట్టలేదు నేను,
కయ్యలకు పెట్టుకున్నా గానీ.
సంతలో బేరగాడు పక్కటెముకలు వత్తినాడు,
తోక మొదట్లో కండ పట్టుకొని చూసినాడు.
తువ్వాలు కింద ఆయన వేళ్ళు, మస్తాన్ వేళ్ళు
గుసగుసలాడుకున్నాయి.
నాకు వినపడలేదు.
పలుపులు మాత్రం విప్పుకొని తెచ్చుకున్నాను,
కొనేవాడు కొత్తవి కట్టుకుంటాడు.

తెల్లారి చుంగడి ముడి విప్పితే
ఏడూ వరసగా వచ్చి
మలుపు కాడ ఒక్క గడియ నిలబడినాయి,
వెనక ఇంకా ఎవరో రావాల్సినట్టు.
తర్వాత తలలు వంచి మేసినాయి.
మేస్తాయి కదా. మేత ముందర ఉండాది.

నాలుగు దినాలకు పిడికిలి ఎత్తు రావాల్సిన కసువు
ఆ విడత అయిదు దినాలకు వచ్చింది.
గోడ మీద బొగ్గు గీతలు రెండుసార్లు లెక్కపెట్టినాను.
అయిదే.

ఆ అయిదో దినం ఎవరిదో
నాకు తెలుసు.