అయిదు పైసల వెలుగు

పొగాకు కంపెనీ గుమస్తా పున్నారావు
ఆఫీసు గోడమీది ఆంధ్రప్రదేశ్‌ని
ట్రేసింగ్ పేపరుమీద దించుకొచ్చాడు,
నదులు మరిచిపోయి.
పేపర్లో పడ్డ నీడ దారిని
ఎర్ర పెన్సిలుతో ఏటవాలుగా గీశాం.
గుంటూరు కిందనే ఉండిపోయింది.
బెజవాడా కిందే.
కోదాడ అంచుమీద ఊగుతోంది.

"సూర్యాపేట," అన్నాడు వేలు పెట్టి.
సూర్యుడు ఆరిపోవడం చూడ్డానికి
పోయిపోయి సూర్యాపేటకే పోవాలట.
ఎక్స్‌రే గది బయట బెంచీమీద
కాలు విరిగినాయన కూడా నవ్వాడు.

ఫిబ్రవరి పదహారు, శనివారం, అమావాస్య.
పొద్దున ఏడింటికి శంకర్ విలాస్ సెంటర్లో.
బ్యారేజీ దాటాక నందిగామలో టీ,
జగ్గయ్యపేటలో పెట్రోలు.
పులిహోర పట్టుముందే తినెయ్యాలంది
సిస్టర్ ఏస్తేరమ్మ.
ఆవిడకి పట్టింపులేం లేవు,
మధ్యాహ్నానికి పాసిపోద్దని.

బాజీ అంబాసిడరు. కిలోమీటరు రేటు కుదిరింది.
పేచీ అంతా వెయిటింగు దగ్గర.
"అక్కడ ఎంతసేపాగాలి?"
మొదలూ చివరా కలిపి రెండున్నర గంటలు.
"అసలు చీకటి?"
రెండు నిమిషాలు.
బాజీ బీడీ ఆర్పేశాడు.
"రెండు నిమిషాలకి
రానూ పోనూ మూడొందల నలభై కిలోమీటర్లా సార్?
ఇక్కడ కనపడదా?"

ఇక్కడా కనపడుద్ది.
రూపాయిలో తొంభై అయిదు పైసలు మూసుకుపోద్ది.
"ఇంకేం మరి!
మిగతా అయిదు పైసలకా ఇంత పెట్రోలు?"

అందరూ నా వైపు చూశారు.

పదకొండేళ్ళుగా నా ఉద్యోగం చీకటి.
పెద్దాసుపత్రి మెట్లకింద ఎర్ర బల్బు,
అన్నం కలిపినా హైపో వాసనొచ్చే వేళ్ళు.
అక్కడ నేను నేర్చుకున్నది ఒక్కటే:
తొంభై అయిదు పైసల చీకటి
చీకటి కాదు.
తలుపు సందులో చీపురుపుల్లంత వెలుగు చాలు,
ఫిల్మంతా తినేస్తుంది.

చేరిన వారంలోనే
ఆ సందు నేనే వదిలాను.
గడియ సరిగా పళ్ళేదు.
ట్రేలోంచి తీసి చూస్తే
ఎముక లేదు, ఊపిరి లేదు,
ఈ చివర్నించి ఆ చివరిదాకా నలుపు.
కవరుమీద: వీరమ్మ, యాభై, ఫిరంగిపురం.
మళ్ళీ రమ్మని కార్డు రాశాం.
రెండోసారీ రాశాం.

ఆ ఫిల్ము పారెయ్యలేదు.
ఎందుకంటే చెప్పలేను.
బీరువా వెనక నిలబడే ఉంది ఇన్నాళ్ళూ,
పిలిచేదాకా కూర్చోని పేషెంటులా.

శుక్రవారం రాత్రి, డ్యూటీ దిగాక,
దాన్ని కత్తిరించాను.
రెండేసి పొరలు, రెండట్టల మధ్య, మైదా జిగురు.
బల్బుకెదురు పెట్టి చూస్తే
బల్బు లేదు.
రేపు మూడూ ముప్పావుకి
మేం సూర్యుణ్ణి చూసేది
నేను చెడగొట్టిన ఆ ఛాతీలోంచే.
పున్నారావుకి చెప్పలేదు.
ఏస్తేరమ్మకి చెప్పాను.
ఆవిడ తన ముక్క తీసుకుని
కొంగుతో రెండువైపులా తుడిచి
సంచీలో పెట్టుకుంది, ఏమీ అనకుండా.

బాజీ బండి కడిగి తాళాలు ఊపుకుంటూ వచ్చాడు.
"నాకొద్దు సార్ ఆ అద్దాలు.
నేను బండిలో పడుకుంటా."
సరే, ఒకసారి లోపలికి రా అన్నాను.
తలుపేశాను. గడియ రెండుసార్లు చూసుకున్నాను.
ఎర్ర బల్బు కూడా ఆర్పేశాను.

డెవలపర్లో ఫిల్ము ఊపే లెక్క నాకు నోటికొచ్చు,
నూట ఇరవై దాకా.
ముప్ఫై దగ్గర బాజీ దగ్గాడు.
అరవై దగ్గర గోడ తడుముకున్నాడు.
తొంభై దగ్గర
అతని ఊపిరి వినపడటం ఆగిపోయింది.
నూట ఇరవై అయినా నేను లైటెయ్యలేదు,
అతనూ అడగలేదు.

బయట నల్లా కింద మొహం కడుక్కుని
"ఆకాశమంతానా సార్, ఇట్టా?" అన్నాడు.
ఏమో బాజీ, నేనూ చూళ్ళేదు.

ఇంకో ముక్క మిగిలుందేమోనని
ఫిల్ము కవరు దులిపి చూస్తున్నాను.
"ఏడింటిక్కాదు, ఆరింటికే వస్తా.
కోదాడ దగ్గర రోడ్డు బాలేదు,"
అప్పటికే గేటు దగ్గరున్నాడు,
వెయిటింగు మాట ఎత్తకుండా.