ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్

ఆగిన సారూ, బండి పక్కకు పెట్టిన.
చలాన్ రాయుండ్రి, కాని ఫోటో కొట్టేముందు
ఒక్కసారి చేతుల పట్టుకొని చూడుండ్రి.
ముందటి జాలీ కోడిపిల్లల గంపది కాదు,
దవడకు కాపలా.

మన పట్నంల ఒక టీం ఉండె, మూసీ మొసళ్ళు.
మూసీల మొసళ్ళెక్కడియని నవ్వకుండ్రి,
పేరు పెట్టిన సేటు బొంబాయోడు,
నదిని జూడలే, దాని వాసనా జూడలే.

బార్కస్ హబీబ్ బిన్ ఉమర్ జామపండ్ల బండి తమ్మునికిచ్చి వచ్చిండు.
ధూల్‌పేట బల్‌రామ్ సింగ్, పతంగి మాంజా కోసిన వేళ్ళు.
కబడ్డీల మోకాలు పోగొట్టుకున్న ఎల్లేశం.
నేను గడ్డిఅన్నారంల బత్తాయి బస్తాలు మోసెటోన్ని.
డొమినిక్ సారు మిలిటరీల రగ్బీ ఆడిండు,
ఇదీ అసుంటిదే అన్నడు. కాదు.
రూల్సు పుస్తకం మాకన్న ఒక్క పేజీ ముందు చదివెటోడు.

బంతి గుండ్రంగ ఉండది.
ఎటు ఎగురుతదో దానికే ఎరుక లేదు.
నాలుగు దెబ్బలల్ల పది గజాలు గుంజాలె, గంతే ఆట.
నాగోలు అవతల చెల్కల, సున్నం గీతల మీద
పొద్దుగాల ఆరింటికి
ఒకని మీద ఒకడు పడి గజం గజం గుంజుకున్నం.
బల్‌రామ్‌కు రెండు పండ్లు రాలినయి,
సున్నంల ఎతికినం, దొరకలే.

ఆడినందుకు జీతమిచ్చిన్రు సారూ!
పన్నెండు వేలు. మా అమ్మ రెండుసార్లు లెక్కపెట్టి
“ఇంతకు ఏం మోసినవ్ బిడ్డా?” అన్నది.
చెప్పరాలే నాకు.

ఐదు మ్యాచులు. గెలిచింది ఒక్కటి,
అదీ వానకు అవతలోల్లు రాక.
కాని ఒకనాడు బంతి నా చంకల ఉండె,
ముందట ఎవ్వడు లేడు.
ముప్పై గజాలు ఉరికిన.
చూసినోళ్ళు పద్నాలుగు మంది, ఒక చాయ్ పోరడు.
వాడు కెటిల్ కింద పెట్టి చప్పట్లు కొట్టిండు.

నాలుగో నెల చెక్కు వాపసొచ్చింది.
సేటు ఫోను స్విచ్చాఫ్.
తెల్లారి డొమినిక్ సారు ఒక్కడే వచ్చిండు,
మెడల విజిల్ ఉన్నది, ఊదలే.

ఆ చెల్క ఇప్పుడు వెంచరు.
మొన్న బత్తాయిలు దించపోతే బోర్డు చూసిన,
గజం తొంభై వేలు.
ముప్పైతోని గుణించిన, తప్పనిపించి మల్ల గుణించిన.

పచ్చ పడ్డది, ఎనకోల్లు హారన్లు కొడుతున్నరు.
రాయుండ్రి సారూ, ఎంతైతే అంత.
హెల్మెట్ లేదని మాత్రం
రాయకుండ్రి.