కుక్కర్ కూత ఉంచుమన్నరు

రాత్రి పదకొండు దాటినంక ఫ్యాన్ బంద్ జేస్త.
గోడ గడియారంల సెల్లు దీస్త.
రగ్గు నెత్తిమీదికెల్లి గప్పుకొని
ఫోను నోటికి జానెడు దూరం వెట్టి
ఆ ఉడుకుల, ఆ చెమటల పాడుత.
పొద్దంత కల్వకుర్తి డిపోల బస్సుల కింద పండుకునే మనిషిని,
రాత్రయితే రగ్గు కింద.
"నీకు కిందికి దూరుడే వచ్చు" అంటది మా ఇంటామె,
గోడ దిక్కు మళ్లుకుంట.

మొదటి పాట పంపిన దినం
చేతిల పానా జారి కాలిమీద వడ్డది.
గంటకోపారి ఫోన్ జూసుకున్న.
తప్పు యాడున్నదో నాకెరుకే:
రెండో చరణంల, సరిగ్గ ఊపిరి దీసేకాడ,
సెకండ్ షిఫ్టు నుంచి వచ్చే మొగని కోసం
పక్కింటామె పెట్టిన కుక్కర్ కూసింది.
మళ్ల పాడే ఓపిక లేక అట్లనే పంపిన.

మిర్యాలగూడ రైస్‌మిల్లుల కావలుండే లింగస్వామి
అందరికంటే ముందు జవాబిచ్చిండు:
"అన్నా, ఆ కూత తియ్యకు. తాళంల వడ్డది."

తాళంల వడ్డదట.
నలభై మూడేండ్లల
నాది ఏదన్న తాళంల వడ్డదని ఎవ్వలన్లే.

లింగస్వామికి గోదాం ఉన్నది.
వడ్లు ఖాళీ అయిన దినం నడిమిట్ల నిలవడి పాడుతడు,
ఒక్కొక్క మాటను గోడలు రెండుసార్లంటయి.
పాట నడుమ ఎలుక ఉరికితే
అది యాడికి వోయిందో మేం మాట్లాడుకుంటం.

నల్లగొండల జాకెట్లు కుట్టే మెహరాజ్‌కు
మిషన్ తొక్కుడే తబలా.
ఒక మాట తెలుగుల, ఇంకో మాట ఉర్దూల,
దారం తెగినకాడ పాట కూడ తెగుతది.
"ఠైరో" అని సూదికి దారమెక్కిచ్చి
మళ్ల అందుకుంటది.
ఆ ఠైరో లేకుంటే ఇప్పుడు మాకు పాట తీరు ఉండదు.

మర్రిగూడ దిక్కు ముత్తిలింగం వేళ్లను నీళ్లు వంచినయి.
మనుమరాలు ఆడి వదిలిన ప్లాస్టిక్ కీబోర్డు,
అందుల రెండు మెట్లు పలుకయి,
తిన్నగున్న వేళ్లతోని దాని మీద మెల్లగ నడుస్తడు.
పలుకని మెట్టుకాడ నోటితోని "ఊఁ" అని గుంత పూడుస్తడు.
పాపమంటే తిడ్తడు.
"సురుతి తప్పితే తప్పిందను, లేకుంటే ఊకో."

జంగమ్మ అచ్చంపేటల హాస్టల్ వంటామె.
అందరిల సన్నగొంతు ఆమెది.
బతుకమ్మ ముంగట ఆగిపోయింది.
ఎందుకని మేం అడగలే.
అడిగితే ఆమె చెప్పవలసి వస్తది గదా.
మా పాటలు మేం పంపుకుంటనే ఉన్నం,
రాని మనిషికి కంచం మూతవెట్టి
పక్కకు జరిపినట్టు.

మొన్న మంగళారం తెల్లారి నాలుగున్నరకు
పదకొండు సెకండ్ల కూనిరాగం వచ్చింది.
మాటల్లేవు.
వెనుక, నూటయాభై మంది పిల్లల ఉప్మాల తిరిగే గంటె.

శానా బాగున్నదని ఎవ్వరం అన్లే.
ముత్తిలింగం దాని కింద మూడు సురాలు పరిచి పంపిండు.
మెహరాజ్ మిషన్ తొక్కింది, బట్ట వెట్టకుండ.
లింగస్వామి ఆ రాగాన్ని గోదాంల ఇనిపిచ్చి
గోడలు అన్నది పట్టుకొచ్చిండు.
నాకైతే ఏం తోచలే.
రాత్రి డిపోకు వోయి కూసున్న.
ఆఖరి బస్సు వచ్చి నిలవడి
ఇంజన్ చల్లారుకుంట టిక్కు... టిక్కు... అంటుంటే
ఆ సప్పుడు పట్టి పంపిన.

అన్నీ కలిపితే నిమిషం కూడ లేదు.
జంగమ్మకు పంపినం.
మాపటిదాంక సప్పుడు లేదు.
మాపటికి ఒక్క ముక్క రాసింది:
"గంటె జర ఎక్కువ ఇనవడ్తున్నదేమో."

"ఎవడు తియ్యమన్నడు దాన్ని?" అని
ముత్తిలింగం మీదికొచ్చిండు.

కొద్దిసేపటికి ఇంకో పదకొండు సెకండ్లు.
ఈసారి అందుల రెండు మాటలున్నయి.
అవి నేనీడ రాయ.
పాట ఆమెది.