రెండు మెట్లు పైకి

కాశీబుగ్గలో జీడి కార్ఖానా మేడమీద
ఒక గది, రెండు కుర్చీలు,
కిందినుంచి కాల్చిన పిక్కల ఘాటు.

మా పెద్ద రిపో లోపల ఇంకో రిపో ఉంది.
తూకం దాని పేరు. ఢిల్లేశ్వర్రావు రాసినది.
కాటా చెప్పిన అంకెను పట్టుకొచ్చి
కూలి లెక్కకు అప్పజెబుతుంది.
వాడిప్పుడు ఇచ్ఛాపురంలో
బావమరిది టైల్స్ కొట్లో కూచుంటున్నాడు.

దాన్ని గుమ్మంలోంచి తీసి
యంత్రాలు అనే ఫోల్డర్లోకి జరపమన్నారు.
ఏముంది, మౌసుతో పట్టి లాగేశాను
బీరువా జరిపినట్టు.
తెరంతా ఎర్రబడింది.

లోపలికెళ్లి చూద్దును గదా,
చరిత్రంతా ఉంటుందనుకున్న చోట
చుక్కతో మొదలయ్యే చిన్న ఫైలు,
ఒకటే ముక్క:
నా ఇల్లు ఇక్కడ కాదు, ఒక మెట్టు పైకెక్కి చూడు.
నేను జరిపేశాక
ఆ ఒక మెట్టు పైన ఏ ఇల్లూ లేదు.

పోనీ పెద్దదాని దగ్గర ఏముంది?
వాడి కోడులో ఒక్క గీతా లేదు.
వాడు ఏ రోజు దగ్గర ఆగాడో
నలభై అక్షరాల గుర్తు, అంతే.

అప్పుడే చీటీలతో పైకొచ్చింది తవిటమ్మ.
"పాత షెడ్డు కాడనుంచి కొత్త షెడ్డుకి మార్సీసినారు గదా బాబూ,
రెండు వారాలైనాది,
తొమ్మండుగురికి డబ్బులు పడనేదు.
మనుసులొచ్చీసినారు.
పేర్లు ఆడే ఉండిపోనాయి."
జీడిసొనకు కాలి కాలి ఆమె వేళ్లు
వేలిముద్ర మిషను కూడా పోల్చుకోనివి.

కూచున్నాను.
ఒక మెట్టును రెండు మెట్లు చేశాను.
చిరునామాల పట్టీలో దారి దిద్దాను.
ఇంకోటుంది, అందరూ మరిచేది:
పిల్లాడు ఎక్కడ ఆడుకుంటున్నాడో
ఇల్లు తనలో రాసుకున్న చోటు.
అదీ దిద్దాను.
ఆ చేత్తోనే తొమ్మిది పేర్ల పక్కన
షెడ్డు రెండు అని మార్చాను.
ఆ పాస్‌వర్డ్ నిజానికి నా దగ్గర ఉండకూడదు.

తెర పచ్చబడింది.
తవిటమ్మ చీటీలు తీసుకుని
నమ్మీ నమ్మనట్టు మెట్లు దిగింది.

తూకం లోపల ఏదీ కదల్లేదు.
ఆ నలభై అక్షరాలూ అవే.
వాటి వెనక ఢిల్లేశు చివరి మాట,
తుపాను రాత్రి రాసి పెట్టినది:
"కరెంటు పోతోంది.
తడి పిక్కల తరుగు తప్పొస్తోంది, రేపు సరిచేస్తా."

ఆ రేపుతో సహా
జరిపాను.

కింద కాటా మీద
బస్తా పడిన చప్పుడు.