పన్నెండు మూలలు

బీసెంట్ రోడ్డు మలుపులో, చెప్పుల కొట్టు పక్కన
నేను దుప్పటి పరిచి పద్దెనిమిదేళ్లు.
దమ్మిడీలు, అంచుకు అలలున్న అణాలు,
నలుపలకల బేడలు,
నిజాం నాటివని నేను చెప్పేవి,
వాటిలో నిజంగా నిజాం నాటివి ఓ నాలుగు.

సోమవారం మిట్టమధ్యాహ్నం నాంచారమ్మ వచ్చింది,
తడి కొంగున మూట.
రైలు వంతెన కింద జల్లెడ పట్టే మనిషి.
పైన పెట్టెల్లోంచి జనం దణ్ణం పెట్టి విసిరింది
కింద నడుంలోతు నీళ్లలో నిలబడి ఏరుతుంది.
"కృష్ణమ్మకిచ్చింది నేను తీసుకోటంలా,
ఆవిడ వద్దని పక్కన పెట్టిందే తెస్తన్నా."

రూపాయలన్నీ పోశాక, ఆఖర్న గోధుమరంగు బిళ్ల.
"అయస్కాంతానికి అంటలేదయ్యా, జల్లెట్లో ఆగింది.
చీకట్లో వేళ్లతో లెక్కేశా. పన్నెండు మూలలు."

తిప్పి చూశా. కెనడా. ఐదు సెంట్లు. నలభై మూడు.
మన అర్ధణా మీదున్న రాజే,
వాళ్ల దగ్గర మాత్రం బోడి తలతో.
వెనక పెద్ద వీ అక్షరం, మధ్యలో కాగడా.

ఆమెకి చెప్పాను, టీ తాగుతూ, నాకు తెలిసిందంతా:
మొదట్లో వెండిది, ఎంత చిన్నదంటే
అక్కడివాళ్లు చేప పొలుసు అనేవారట.
"పొలుసా!" అని నవ్వింది, చేతి మీద ఇంకా ఒకటి అంటుకునే ఉంది.
ఇరవై ఒకటిలో కొట్టినవి దాదాపు అన్నీ
కరిగించేశారు. మిగిలినవాటికి ఇప్పుడు ఇళ్ల ఖరీదు.
తర్వాత నికెలు. తర్వాత యుద్ధం.
నికెలంతా ఫిరంగులకి పోతే ఇత్తడిలాంటి లోహం పెట్టారు.
నల్లబడితే ఒక సెంటుతో తికమక అవుతుందని
చుట్టూ మూలలు చెక్కారు.

"మనకేం చేశారు ఆ ఏడు?"
చిల్లుకాణీ చూపించాను. అదే సంవత్సరం.
రాగి మిగిలించడానికి మధ్యలో చిల్లు.
"వాళ్లకి మూలలు, మనకి చిల్లు," అంది,
ఇంకో గుక్క తాగింది.

అప్పుడే గఫూర్ గారు, తారాఫీసులో ముప్పైఏళ్లు చేసినాయన,
పేపరు చంకలో పెట్టుకుని ఆగారు.
అంచు చుట్టూ చుక్కలూ గీతలూ ఉన్నాయి, అరిగిన నగిషీ అనుకున్నా.
ఆయన కళ్లజోడు పైకి తోసి, టీ గ్లాసు మీద
గోటితో కొట్టారు: ఒక పొట్టి, రెండు పొడుగు.
ఒక పొట్టి. మళ్లీ మొదట్నుంచి.
గోరు ఆగలేదు, పెదవులు కదలడం మొదలయ్యాయి.
టెలిగ్రాం మూసేసి ఇన్నేళ్లయినా
ఆ వేళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు.

"మనం ఇష్టపడి పని చేస్తే గెలుస్తాం. అంతే అమ్మా."

నాంచారమ్మ కాసేపు మాట్లాడలేదు.
"ఇష్టం లేకపోయినా చేశాంగా.
మరి అది ఎక్కడ రాశారో అడగండి."

గఫూర్ గారు గ్లాసు కింద పెట్టారు.

మాట మార్చాలని దుప్పటి అడుగునుంచి ఇంకోటి తీశా,
అరవై ఏడుకి ముందుది, గుండ్రంది, నికెలుది.
మొద్దు మీద కూర్చున్న లావుపాటి జంతువు. బీవరు.
తెలుగులో పేరు లేదు.
పళ్లతో చెట్లు కొరికి, బురద మెత్తి
ఏటికి అడ్డంగా కట్ట కడుతుంది.

"ఆనకట్టా? ఒక్కత్తే?"
"కుటుంబమంతా."
"అయితే దీన్ని మన బ్యారేజీ మీద కూర్చోబెట్టాల,"
అంటూ మెడలోని అయస్కాంతం దాని మీదికి దించింది.
టక్కున ఎగిరి అంటుకుంది బీవరు.
పక్కనే పన్నెండు మూలల బిళ్ల
ఇసుకంటిన మొహంతో, కదల్లేదు.

నూటయాభై ఇస్తానన్నాను. రెండొందలంది.
రెండొందలే ఇచ్చాను. అమ్మితే ఎంతొస్తుందో
నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.
"గేట్లెత్తుతారంట సాయంత్రం," అని లేచింది,
"ఇసుక కదులుద్ది."

గఫూర్ గారి వేలు ఇంకా గ్లాసు మీదే ఉంది,
ఒక పొట్టి, రెండు పొడుగు.