ఎంతిస్తుంది

బండి కొన్న వారంలో
కాశీబుగ్గ మగాళ్ళందరూ అడిగారు: ఎంతిస్తుంది?
మా పిక్కల మిల్లులో ఆడవాళ్ళు అడిగారు:
ఎంత తాగుతాదమ్మా?

బండి ఒకటే.
కంపెనీ వాడు కాగితమ్మీద పదిహేడన్నాడు.
ఆ కాగితం ఏ రోడ్డు మీద రాశారో,
అక్కడ గేదెలుండవు,
అక్కడ మా ఆయన ఉండడు.

తవిటినాయుడు
మోపెడ్ వెనక బస్తా కట్టుకుని మందస దాకా పిక్కలు కొన్న మనిషి.
దిగువ కనబడితే ఇంజను ఆపేసి
గాలికి జారుకుంటూ వచ్చేవాడు.
ఇప్పుడు కోసంగిపురం జంక్షన్ దాటగానే
కుడికాలికి ఇరవయ్యేళ్ళు తగ్గిపోతాయి.
టర్బో అందుకునేటప్పుడు సన్నగా ఒక ఈల,
కుక్కరు కూతకి ముందు ఊపిరి బిగబట్టినట్టు.
ఆ ఈలకి ఆయన చెవులు ఎర్రబడతాయి.

ఎదర నీలం అంకె జారుతూ ఉంటుంది:
పదకొండు, తొమ్మిది, ఏడు పాయింటు రెండు.
పక్క సీట్లో నేను, ఒళ్ళో చిట్టా.
ఎనభై కేజీల బస్తాకి ఎంత పప్పు దిగుతుందో
గుప్పెడు పిక్కలు ఊపి చెప్పేస్తాను.
దీని దిగుబడి మాత్రం నాకు అందదు.

బారువ సముద్రానికి, అత్తగారు, పిల్లలు, ఏసీ: తొమ్మిదిన్నర.
శ్రీకాకుళం పన్నుల ఆఫీసుకి, ఆయనొక్కడే, కోపంగా: ఏడు.
తిరిగొస్తూ, ఇంకా కోపంగా: ఆరున్నర.
సోంపేట పెళ్ళికి, నేను నడిపితే: పదమూడు.
(నమ్మలేదు. మళ్ళీ ట్యాంకు నింపించి చూశాడు.)

"టర్బో ఏటికి ఇచ్చినాడే మరి?" అంటాడు.
కత్తిపీట ఉందని వేలు కోసుకుంటావేటి, అంటాను.

ఆ ఏడు తుఫాను.
తెల్లారేసరికి ఉద్దానం అంతా
ఒకే పక్కకి ఒరిగి పడుకుంది.
జీడిచెట్ల వేళ్ళు ఆకాశానికి.
కరెంటు లేదు. బంకులో పంపు మూగ.
మా ట్యాంకులో పద్దెనిమిది లీటర్లు.

వెనక సీట్లు మడిచి నీళ్ళ క్యాన్లు ఎక్కించాడు.
చెప్పులు విప్పేశాడు.
పెడల్ కింద గుడ్లు పొదగేసినట్టు
వేలి కొసతో తాకాడు.
మోపెడ్ నాటి కాలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడో!
పడిన చెట్టు చుట్టూ తిరిగి, గట్టు దిగి, మళ్ళీ ఎక్కి,
తొమ్మిది రోజులు
ఈల ఒక్కసారీ వినబడలేదు.

వజ్రపుకొత్తూరు దారిలో దమయంతి,
జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళతో
బిందె పట్టుకుని నిలబడి
క్యాన్ల వైపు చూసి అడిగింది:
"ఎంతిస్తాదమ్మా?"

నేను నీలం అంకె చూశాను.
సిగ్గేసింది.
"రెండు బిందెలు," అన్నాను. "ఇంటికి."

పదహారు పాయింటు నాలుగు.
కంపెనీ కాగితానికి అరవై పైసలు తక్కువ.
పెట్రోలు లీటర్లకి చిట్టాలో గడి ఉంది.
నీళ్ళ లీటర్లు ఎక్కడ రాయాలో తెలీక
అట్ట లోపలి వైపు గీతలు పెట్టాను,
ఐదుకొక అడ్డగీత.

పదో రోజు బంకు తెరిచారు.
వరసలో రెండు గంటలు నిలబడి
ఫుల్లు కొట్టించాడు.
కోసంగిపురం దాటాం.
ఈల.

నేను కలం తీశాను.
ఆయన నా వైపు చూడకుండా
చెవులు ఎర్రగా
"ఈ ఒక్కసారికీ రాయకే," అన్నాడు.

ఏడు.
రాశాను.